గోదావరి వంతెన దాటి వస్తున్న మత్తు: మన పిల్లలకు తిరుగు దారి

(మాదకద్రవ్యాల వ్యతిరేక దినం సందర్భంగా ఖమ్మంలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వక్తను కాను. ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్ళకు పైగా గుమస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. వచ్చిన కాగితాన్ని రిజిస్టరులో ఎక్కించడం, దానిపై నోటు రాయడం, పై అధికారికి పంపడం, ఇంతకాలం నా పని ఇదే. ఆ ఉద్యోగం నాకు నేర్పిన పాఠం ఒకటుంది. ఫైలును బీరువాలో పెట్టి తాళం వేసినంత మాత్రాన అందులోని సమస్య తీరదు. తీరకపోగా, మరింత పెద్దదై ఒకరోజు బయటికి వస్తుంది. మన ఇళ్ళలోని మత్తు వ్యసనం విషయంలో మనమందరం ఇదే చేస్తున్నాము. ఫైలును బీరువాలో పెడుతున్నాము. నేనూ పెట్టాను. ఆ సంగతి దాచకుండా చెప్పడానికే ఈ వేదిక ఎక్కాను.

ఐక్యరాజ్య సమితి 1987 డిసెంబరులో తీర్మానించిన మేరకు ప్రతి ఏటా జూన్ 26వ తేదీని మాదకద్రవ్యాల దుర్వినియోగానికి, అక్రమ రవాణాకు వ్యతిరేక దినంగా ప్రపంచమంతటా పాటిస్తున్నారు. ర్యాలీలు జరుగుతాయి, ప్రతిజ్ఞలు చేయిస్తారు. మంచిదే. కాని ర్యాలీలో నడిచిన పిల్లవాడే సాయంత్రం చెరువు గట్టు మీద ఏం చేస్తున్నాడో మనకు తెలియకపోతే ఆ ప్రతిజ్ఞ వలన ప్రయోజనమేమిటి?

ముందుగా ఈ విషం మన ఊరికి ఏ దారిన వస్తున్నదో చూద్దాం. తూర్పు కనుమల్లో ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల సరిహద్దున చింతపల్లి, గూడెం కొత్తవీధి, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల కొండలూ, అవతల ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాల కొండలూ ఉన్నాయి. పత్రికలలో తరచు కనిపించే ‘శీలావతి’ రకం గంజాయికి పేరుపడినది ఆ ప్రాంతమే. అక్కడి నుండి సీలేరు, డొంకరాయి, మోతుగూడెం మీదుగా చింతూరుకు ఒక దారి ఉంది. మల్కన్‌గిరి వైపు నుండీ చింతూరుకు దారి ఉంది. చింతూరు నుండి భద్రాచలం. అక్కడ గోదావరి వంతెన దాటితే సారపాక, పాల్వంచ, కొత్తగూడెం, ఆ తరువాత మన ఖమ్మం. ఇక్కడి నుండి హైదరాబాదుకు, మహారాష్ట్రకు, ఇంకా పైకి. బస్సు ఉంది, లారీ ఉంది, కారు ఉంది, కొత్తగూడెంలోనూ ఖమ్మంలోనూ రైలు ఉంది.

పాత ఖమ్మం జిల్లా ముక్కలైన తీరు కూడా గుర్తు చేసుకోవాలి. 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. భద్రాచలం పట్టణం నుండి కొద్ది దూరం పోతే ఆంధ్ర, ఇంకొంత దూరం పోతే ఛత్తీస్‌గఢ్, ఆపైన ఒడిశా. నాలుగు రాష్ట్రాల హద్దులు ఇంత దగ్గరగా ఉన్న అడవిలో ఒక రాష్ట్రం పోలీసుల నుండి తప్పించుకున్నవాడు మరో రాష్ట్రంలోకి పోవడం కష్టం కాదు. అక్రమ రవాణాదారులకు ఈ దారి ఇష్టమైన దారి కావడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ నేరాన్ని ఆదివాసీల మీద నెట్టివేయడం అన్యాయం. కొండల్లో పంట పెట్టుబడి పెట్టేవాడు వేరు, లాభం తీసేవాడు వేరు. కొండ మీది కోయ, కొండదొర కుటుంబానికి దక్కేది కూలి డబ్బులూ, కేసులూ. 2021 చివరలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘పరివర్తన’ పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేసారి తగులబెట్టారు. అంత జరిగినా ఈ దారిలో సరుకు పట్టుబడుతూనే ఉంది. నరికిన తోట స్థానంలో కాఫీ, మిరియాలు, పసుపు వేసుకుని బతికే వీలు రైతుకు కలగాలి. ఇటువైపు కొనేవాడు తగ్గాలి. ఆ కొనేవాడు, మోసేవాడు మన వీధిలో ఉన్నాడు కాబట్టే ఈ సభ.

మన పిల్లలు ఈ ఊబిలోకి ఎలా దిగుతున్నారు? మిర్చి యార్డులో హమాలీ, గ్రానైటు కోత మిల్లులో కూలి, మెకానిక్ షెడ్డులో సహాయకుడు, ఆటో డ్రైవరు, చదువు మధ్యలో మానిన ఇంటర్ కుర్రవాడు. పొద్దంతా ఒళ్ళు హూనమయ్యే పని. సాయంత్రం స్నేహితుడు ఒక సిగరెట్టు చేతిలో పెడతాడు. మొదటి నెల ఉచితం. తరువాత డబ్బు కావాలి. డబ్బు లేనప్పుడు, ‘భద్రాచలం పోయి ఒక సంచి తెచ్చిపెట్టు, ఇంత ఇస్తాను’ అంటాడు. పీల్చేవాడు మోసేవాడయ్యేది ఆ రోజే. గంజాయి ఒక్కటే కాదు. నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు, దగ్గు మందు, పంక్చరు అతికించే జిగురు, వైట్‌నరు, ఇవన్నీ మత్తు సాధనాలైపోయాయి. గంజాయిని చాక్లెట్ల రూపంలో కూడా అమ్ముతున్నారు.

ఇప్పుడు నా కథ చెబుతాను. ఆ కుటుంబం అనుమతితోనే చెబుతున్నాను. పేరు, వీధి చెప్పను.

కొన్నేళ్ళ క్రితం నేను మా మసీదు కమిటీలో లెక్కలు చూసేవాణ్ణి. ఒకనాడు మగ్రిబ్ తరువాత ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. ‘భాయ్‌సాబ్, పిల్లవాడు రాత్రులు నిద్రపోవడం లేదు. కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. ఇంట్లో డబ్బు పోతోంది. తనలో తాను మాట్లాడుకుంటున్నాడు’ అని ఏడ్చింది. ఆ అబ్బాయికి ఇరవై ఒక్క ఏళ్ళు. ఫైనాన్సులో తీసుకున్న ఆటో నడుపుతున్నాడు. విషయమేమిటో నాకు అర్థమైంది. అయినా నేనేమి చెప్పాను? ‘అమ్మా, ఈ మాట బయటకు పొక్కనివ్వకండి. ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్ల ఉంది. ముందు వాడికి పెళ్ళి చేయండి, బాధ్యత మీద పడితే సర్దుకుంటాడు’ అన్నాను. తాయత్తు కట్టించమని కూడా ఎవరో చెప్పారు, నేను వద్దనలేదు.

వారు నా మాట విన్నారు. ఇల్లెందు వైపు నుండి ఒక పేదింటి అమ్మాయిని తెచ్చి నికాహ్ చేశారు. నికాహ్‌కు నేనూ హాజరయ్యాను. అబ్బాయి సంగతి ఆ అమ్మాయికి గాని, ఆమె తండ్రికి గాని ఎవరూ చెప్పలేదు. ఆరు నెలలలో ఆమె గాజులు, కమ్మలు అమ్ముడుపోయాయి. ఎనిమిదో నెలలో అబ్బాయి ఆటోతో సహా పట్టుబడ్డాడు. సీటు కింద సంచిలో 6 కిలోల గంజాయి. జైలు ములాఖత్‌కు గర్భవతి అయిన ఆ అమ్మాయి అత్తగారితో కలిసి వెళ్ళి వచ్చి, నా ఇంటి గుమ్మం ముందు నిలబడి ఒకే ప్రశ్న అడిగింది: ‘చాచా, మీకు ముందే తెలుసట, నిజమేనా?’

నా దగ్గర సమాధానం లేదు. నేటికీ లేదు. ఒక రోగిని వైద్యుని వద్దకు పంపవలసిన చోట, ఏ పాపమూ ఎరుగని మరొకరి బిడ్డను వాడి పక్కన కూర్చోబెట్టాను. పెళ్ళి వ్యసనానికి మందు కాదు. ఈ సభలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్క మాట ఇంటికి తీసుకువెళ్ళండి.

ఇక చట్టం సంగతి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం చాలా కఠినమైనది. గంజాయి 1 కిలో వరకు ఉంటే స్వల్ప పరిమాణం, ఏడాది వరకు జైలు లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంతకు మించి 20 కిలోలకు లోబడి ఉంటే 10 ఏళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 20 కిలోలకు మించితే వాణిజ్య పరిమాణం. అప్పుడు 10 ఏళ్ళకు తక్కువ కాకుండా 20 ఏళ్ళ వరకు కఠిన కారాగారం, లక్షకు తక్కువ కాని జరిమానా. వాణిజ్య పరిమాణంలో బెయిలు దొరకడం మహా కష్టం. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని కోర్టు సంతృప్తి చెందాలి.

ఆటో, కారు నడిపే సోదరులు మరీ జాగ్రత్తగా వినాలి. ‘సంచిలో ఏముందో నాకు తెలియదు’ అన్నంత మాత్రాన తప్పించుకోలేరు. తెలియదని నిరూపించుకునే భారం చాలావరకు నిందితుని మీదనే ఉంటుంది. వాహనాన్ని కూడా ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు. తనకు తెలియకుండా జరిగిందని, తగిన జాగ్రత్తలు తీసుకున్నానని యజమాని రుజువు చేస్తేనే అది తిరిగి వస్తుంది. అపరిచితుడి సంచి ఎక్కించుకోవద్దు. బాడుగ మామూలు కంటే ఎక్కువ ఇస్తానన్నాడంటే ఎందుకిస్తున్నాడో ఆలోచించండి.

పిల్లల చేత మత్తు పదార్థాలను మోయించినా, అమ్మించినా, పిల్లలకు ఇచ్చినా 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 7 ఏళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. బడి పిల్లల చుట్టూ తిరిగే వ్యాపారిపై ఫిర్యాదు చేయడం మన హక్కు, మన విధి. అక్రమ రవాణా సమాచారం ఇవ్వడానికి జాతీయ స్థాయిలో 1933 నంబరు ఉంది.

అయితే ఇదే చట్టంలో ఒక తలుపు తెరిచి ఉంది. మనలో నూటికి తొంభై మందికి అది తెలియదు. వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, ప్రభుత్వం గుర్తించిన సంస్థలో గాని చికిత్సకు సిద్ధపడితే, మత్తు సేవించినందుకు, లేదా స్వల్ప పరిమాణం దగ్గర ఉంచుకున్నందుకు అతన్ని శిక్షించకుండా 64-ఏ సెక్షను రక్షణ కల్పిస్తుంది. చికిత్స పూర్తిగా తీసుకోవాలన్నది షరతు. అంటే, ఆసుపత్రికి పోతే పోలీసులు పట్టుకుంటారన్న మన భయానికి ఆధారం లేదు. వ్యసనపరుణ్ణి రోగిగా చూడాలని చట్టమే చెబుతున్నప్పుడు మనం అతన్ని దొంగగా చూస్తున్నాము.

అరెస్టయిన వారి విషయంలోనూ మన బాధ్యత తీరిపోదు. కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు, 15100కు ఫోను చేయవచ్చు. మాదకద్రవ్యాల బాధితుల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2015లో ప్రత్యేక పథకమే రూపొందించింది. ఒక ముస్లిం కుర్రవాడు పట్టుబడితే కొందరు మొత్తం సమాజానికే మచ్చ అంటగడతారు. ఆ నిందకు మనం రెండు విధాలుగా స్పందిస్తున్నాము. కొందరు ‘మనవాణ్ణి కావాలనే ఇరికించారు’ అంటారు. మరికొందరు ‘వాడు మనవాడే కాదు’ అంటారు. రెండూ సరికాదు. తప్పు చేస్తే తప్పే. కాని తప్పు చేసినవాడికి కూడా న్యాయవాది, న్యాయమైన విచారణ, వైద్యం పొందే హక్కులున్నాయి. ఆ హక్కులు అడగడం నేరాన్ని సమర్థించడం కాదు.

ఇప్పుడు జబ్బు గురించి. వ్యసనం మెదడుకు సంబంధించిన వ్యాధి. అది బలహీనమైన ఈమాన్‌కు గుర్తు అని ఒక్క మాటలో తేల్చివేయడం తేలిక. కాని మెదడులో సంతోషానికి, కోరికకు, నిగ్రహానికి సంబంధించిన భాగాలను మత్తు పదార్థం మార్చివేస్తుంది. తరువాత ‘మానేయాలి’ అనుకున్నా అతను మానలేడు. యుక్తవయసులో మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది కనుక చిన్న వయసులో గంజాయి మొదలుపెట్టినవారికి ప్రమాదం మరింత ఎక్కువ. జ్ఞాపకశక్తి తగ్గుతుంది, చదువు మీద మనసు నిలవదు. కొందరిలో ఎవరో తరుముతున్నట్లు, ఎవరో పిలుస్తున్నట్లు భ్రమలు కలుగుతాయి. దానిని మనం జిన్ను పట్టిందనుకుని నెలల తరబడి తిరుగుతాము.

ఢిల్లీలోని ఎయిమ్స్ సంస్థ కేంద్ర ప్రభుత్వం కోసం జరిపి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం, సుమారు 3.1 కోట్ల మంది భంగు, గంజాయి వంటివి, సుమారు 2.26 కోట్ల మంది నల్లమందు జాతికి చెందిన పదార్థాలు వాడుతున్నారు. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. మిగిలిన 37 మంది ఎక్కడ ఉన్నారు? మన ఇళ్ళలో, మన బీరువాల్లో ఉన్నారు.

చికిత్సలో ఏమి చేస్తారు? మొదటి దశలో శరీరం నుండి మత్తును బయటికి పంపుతారు. గంజాయి మానినప్పుడు చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం మొదటి వారంలో తీవ్రంగా ఉండి, సాధారణంగా రెండు మూడు వారాలలో తగ్గుతాయి. మద్యం, నిద్ర మాత్రల సంగతి వేరు. అవి హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో కల్తీ కల్లుపై దాడులు జరిగి, మత్తుమందు కలిసిన కల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయినప్పుడు వందలాది మంది వింత ప్రవర్తనతో, వణుకుతో ఆసుపత్రుల పాలయ్యారు. కనుక గదిలో పెట్టి తాళం వేసి మాన్పిస్తామనే సాహసం చేయకండి. వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

రెండో దశ కౌన్సెలింగు. ఎందుకు మొదలుపెట్టాడు, ఎవరితో కలిసినప్పుడు తాగాలనిపిస్తుంది, కోరిక కలిగినప్పుడు ఏమి చేయాలి అన్నవి నేర్పుతారు. దీనికి నెలలు పడుతుంది. మూడో దశ పునరావాసం. పని, నమాజు, కొత్త స్నేహాలు, ఇంటివారి నమ్మకం. మధ్యలో ఒకసారి జారిపడడం సహజం. మధుమేహ రోగికి చక్కెర మళ్ళీ పెరిగితే మందు మారుస్తాము గాని రోగిని ఇంట్లోనుండి వెళ్ళగొట్టము కదా!

ఎక్కడికి వెళ్ళాలి? ఖమ్మంలోనూ కొత్తగూడెంలోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి మానసిక వైద్యుని గురించి అడగండి. అవసరమైతే హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. కదలలేని పరిస్థితిలో ఉంటే 14446 అనే వ్యసన విముక్తి సహాయ నంబరుకు గాని, 14416 అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరుకు గాని ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఎక్కడికి వెళ్ళకూడదో కూడా చెప్పాలి. వైద్యుడు లేకుండా, కొట్టి, కట్టేసి మాన్పిస్తామనే చోటికి పంపకండి. గుర్తింపు పత్రం అడగండి, బిడ్డను కలవనివ్వకపోతే అనుమానించండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచే ఒక ప్రైవేటు ఆశ్రయంలో నిప్పంటుకుని, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది కదలలేక కాలిపోయారు. వారిని అక్కడ చేర్చినవారు శత్రువులు కారు, కన్నవారు, తోబుట్టువులు. నయమవుతుందన్న ఆశతోనే చేర్చారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. మత్తు వ్యసనం వలన కలిగే మానసిక స్థితులు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. దుఆ చేయండి, తప్పక చేయండి. దుఆ చేస్తూనే ఆసుపత్రికి కూడా వెళ్ళండి.

మత్తు హరామ్ అన్నది మన పసిబిడ్డలకు కూడా తెలుసు. అయితే మద్య నిషేధం ఒకే రోజున రాలేదని, అల్లాహ్ దానిని అంచెలంచెలుగా అవతరింపజేశాడని కూడా మనకు తెలుసు. అలవాటు పడిన మనిషి బలహీనత సృష్టికర్తకు తెలియనిదా? మద్యం తాగి పదేపదే శిక్షకు గురైన ఒక వ్యక్తిని ఎవరో శపించబోతే దైవప్రవక్త (స) వారించారన్న ఉదంతం హదీసు గ్రంథాలలో ఉంది. తప్పును తప్పని చెబుతూనే మనిషిని వదలకుండా పట్టుకోవడం ఆయన సంప్రదాయం. మరి మనం? వ్యసనపరుడి ఇంటితో సంబంధం తెంచుకుంటున్నాము. వాడి చెల్లెలికి సంబంధం చెడగొడుతున్నాము. అందుకే తల్లులు దాస్తున్నారు. దాపరికానికి కారణం ఆ తల్లులు కారు, మనం.

ఆ అబ్బాయి విషయం పూర్తి చేస్తాను. కొన్ని నెలల తరువాత బెయిలు వచ్చింది. పుట్టింటికి వెళ్ళిపోమని అందరూ చెప్పినా, అతని భార్య ఒక షరతు పెట్టింది: ‘ఆసుపత్రికి వస్తేనే నేను ఉంటాను.’ ఆ షరతు న్యాయమైనది. ఆమె వెళ్ళిపోయి ఉన్నా అది ఆమె హక్కే, నేను తప్పుపట్టేవాణ్ణి కాను. అతను వెళ్ళాడు. వారానికోసారి నేనే వెంట తీసుకువెళ్ళాను. నాలుగో నెలలో మళ్ళీ ఒకసారి జారాడు. మళ్ళీ వెళ్ళాము. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఒక టైర్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. కూతురు పుట్టింది. కేసు ఇంకా నడుస్తోంది, తీర్పు ఎలా వస్తుందో అల్లాహ్‌కే ఎరుక. ఆటో పోయింది, గాజులు తిరిగి రాలేదు. కాని మనిషి తిరిగి వచ్చాడు. నేను చూసిన ఆశ ఇది. పూర్తిగా మెరిసేది కాదు గాని నిజమైనది.

కనుక ఈ సభ ముందు నేను ఉంచే కోరికలు ఇవి. ప్రతి మసీదు కమిటీలో విశ్వసనీయులైన ఇద్దరిని, స్త్రీల కోసం మరో ఇద్దరు సోదరీమణులను గుర్తించాలి. ఏ తల్లి వచ్చి చెప్పినా ఆ మాట బయటకు పోకూడదు, ఆ బిడ్డతో ఆసుపత్రికి మొదటిసారి ఒకరు తోడు వెళ్ళాలి. ఇమాములు ఏడాదిలో కొన్ని జుమా ప్రసంగాలనైనా ఈ విషయానికి కేటాయించాలి, చికిత్స ఉందని అందులో చెప్పాలి. పేద కుటుంబాల చికిత్స ఖర్చుకు, ఆ కాలంలో ఇంటి తిండి గింజలకు జకాత్, సదఖా ఎలా వినియోగించవచ్చో ఆలిమ్‌లను సంప్రదించి ఏర్పాటు చేయాలి. చికిత్స పూర్తయి వచ్చినవాడికి మన వ్యాపారులు పని ఇవ్వాలి. పెళ్ళి సంబంధం కుదిర్చేటప్పుడు అబ్బాయి వ్యసనాన్ని దాచడం అమ్మాయికి చేసే ద్రోహమని పెద్దలు గట్టిగా చెప్పాలి. ఈ చివరి మాట నేను ఎవరి ముఖం గుర్తుకు తెచ్చుకుని చెబుతున్నానో మీకు తెలుసు.

గోదావరి మీది వంతెనను మనం మూయలేము. ఆ పని ప్రభుత్వానిది, పోలీసులది. కాని మన ఇంటి తలుపు మన చేతిలో ఉంది. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మీ బిడ్డ పక్కన పది నిమిషాలు కూర్చోండి. తిట్టడానికి కాదు, వినడానికి. అనుమానం కలిగితే రేపు ఉదయమే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఒంటరిగా వెళ్ళడానికి బిడియపడితే నాకు కబురు చేయండి. నేను పదవీ విరమణ చేసినవాణ్ణి, నాకు తీరిక ఉంది.

అల్లాహ్ మన బిడ్డలను కాపాడుగాక, దారి తప్పినవారికి తిరిగి వచ్చే శక్తిని, వారిని చేరదీసే మనసును మనకు ప్రసాదించుగాక. ఆమీన్.